నూట పదిహేడో బిళ్ళ

రోజు 1

ఈ పుస్తకం మొదటి సగం నిండా గాలి లెక్కలే. పదకొండో బొగ్గుబావి మూడో లెవెల్ ఫ్యాన్ హౌస్‌లో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. ఆ లెక్కలన్నీ నా చేతివే. ఇప్పుడు నన్ను తరంగాల గదికి మార్చి, పుస్తకాన్ని కూడా నా వెంటే పంపారు. కాగితం కరువు కాబట్టి మిగిలిన సగంలో రోగుల సంగతి రాయాలట. నియమం మాత్రం పాతదే. రాసింది కొట్టేయకూడదు. తప్పు రాస్తే అది అక్కడే ఉండాలి, ఒప్పు దాని కింద రాయాలి. పద్దెనిమిదేళ్ళలో నేను రాసిన తప్పులు మూడే.

లిఫ్ట్ మొదటి ట్రిప్పులో, పైన సోలార్ పలకలు తుడవడానికి వెళ్ళినవాళ్ళతో పాటు, ఐదు చొక్కాల పెట్టె దిగింది. పావుగంట ఎండలో ఉంచారేమో, పట్టుకుంటే చెయ్యి కాలింది. సూర్యుడు పొడిచాక పైన నిలబడే వీలు లేకనే కదా మేమంతా ఈ పాత బొగ్గు గుహల్లో కాపురాలు పెట్టింది.

చొక్కా అంటే మామూలు చొక్కా కాదు. ఛాతీకి ముందు నాలుగు, వెనక నాలుగు మెత్తటి అట్టలు అంటించి, వాటి మీద వేస్తాం. అట్టల మధ్య సన్నటి విద్యుత్ తరంగం సెకనుకు లక్షన్నర సార్లు అటూ ఇటూ దిక్కు మారుతుంది. క్యాన్సర్ కణం రెండుగా చీలబోయే సమయంలో ఈ ఊపు దాన్ని తడబడేలా చేస్తుంది. రోజుకు పన్నెండు గంటలు తొడుక్కోవాలి. పై ఆస్పత్రి నుంచి తెర మీద కనిపించిన డాక్టర్ వసుంధర గారు ఒక మాట మూడుసార్లు చెప్పారు. "ఇది మందుకి బదులు కాదండీ, మందుకి తోడు. ఇరవయ్యొక్క రోజులకొకసారి సెలైన్‌లో మందు ఎక్కాల్సిందే."

రోగులు ఐదుగురు. అందరివీ ఊపిరితిత్తులే. వాళ్ళలో పాత డ్రిల్లర్ ఓదెలు ముందుగా నోరు తెరిచాడు.

"షాక్ గిట్ల కొడ్తదా, అనసూర్యా?"

"నీ పెండ్లాం మాటంత కొట్టదులే."

అందరూ నవ్వారు, కొమురమ్మ తప్ప. ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళు ఈ బావికి హాజరు పెద్ద. ఎవరు లోపల ఉన్నారో, ఎవరు పైకి పోయారో ఆ లెక్క ఆమెది. ఆమెను చూసి జంకని వాళ్ళు ఇక్కడ లేరు, నాతో సహా. ఆమె ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ పెద్ద రక్తనాళాన్ని ఆనుకొని ఉంది. ఎనభై నాలుగు రోజుల్లో అది కుంచించుకుపోయి నాళానికీ దానికీ మధ్య కాస్త సందు కనిపిస్తేనే కోసి తీస్తామని సర్జన్ తేల్చి చెప్పారు. సందు రాకపోతే ఇక కోత లేదు. దాని అర్థం ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

జాగ్రత్తల కాగితం చదివాను. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. ఖాసింబీ ముక్కుపుడక తీసింది. ఓదెలు మొలతాడుకున్న తాళంచెవి తీశాడు. కొమురమ్మ చెవి కమ్మలు తీసి గిన్నెలో వేసింది. "ఇంకేమైనా ఉన్నాయా?" అని ఒక్కొక్కరినీ అడిగాను. లేవన్నారు. రాసుకున్నాను: లోహం లేదు.

రోజు 5

శుక్రవారం. బావి అంతా చింతపండు వాసన. వారానికోసారి అందరం మెడలో బిళ్ళలు తోముకుంటాం. కొమురమ్మ చొక్కా తొడుక్కునే కూర్చుని తన నూట పదిహేడో బిళ్ళను తళతళలాడేలా తోమి లోపలికి జార్చుకుంది. "నీది సూడు, నల్లగ బూజు పట్టినట్టున్నది. ఫ్యాన్ కాడ గూసున్నోళ్ళకు శుభ్రం తెల్వది" అని నన్ను ఎత్తిపొడిచింది. నాదీ తోమాను, ఏం చేస్తాం.

ఆమె అనడంలో న్యాయం ఉంది. బిళ్ళంటే ఇక్కడ మనిషే. పైకి పోయేటప్పుడు లిఫ్ట్ దగ్గరి బోర్డు మీద కొక్కేనికి తగిలించి పోతాం, దిగగానే మెడలో వేసుకుంటాం. కొక్కెం ఖాళీగా ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. సైరన్ మోగిన రోజు ఖాళీ కొక్కేల లెక్క చూసే వెతుకుతారు. బావి లోపల ఉండగా బిళ్ళను మెడలోంచి తీయకూడదన్న చట్టం కొమురమ్మదే.

యంత్రంలో చిన్న చికాకు. కొమురమ్మ ఛాతీ మీది నాలుగో అట్ట నలభై ఒక్క డిగ్రీలకు చేరింది. వేడి ఎక్కితే యంత్రం తనంతట తనే తరంగం బలం తగ్గించేస్తుంది. చెమట వల్ల కావచ్చు.

రోజు 16

చెమట వల్ల కాదు. అట్ట మార్చాను, జిగురు మార్చాను, ఫ్యాన్ హౌస్‌లో పాత స్నేహితులను బతిమాలి గాలి గొట్టం ఒకటి ఈ గది వైపు తిప్పించాను. అయినా నాలుగో అట్ట నలభై ఒకటే. మిగతా నలుగురికీ అంతే, కొందరికి మూడోది, కొందరికి నాలుగోది. రోజంతా తరంగం సగం బలంతో నడుస్తోంది. సగం కూలికి పనిచేసే యంత్రాన్ని నేనెప్పుడూ చూడలేదు.

రోజూ ఉదయం పని ఇలా సాగుతుంది: చర్మం తుడవడం, పాత జిగురు గీకడం, బిళ్ళ పక్కకు జరిపి అట్టలు అంటించడం, బిళ్ళ సర్ది చొక్కా గుండీలు పెట్టడం, బ్యాటరీ తగిలించడం. ఇందులో ఎక్కడా పొరపాటు కనిపించడం లేదు. మళ్ళీ మొదటి నుంచి చూస్తాను.

రోజు 22

రెండో విడత మందు ఎక్కింది. కొమురమ్మ అప్పటి నుంచి గంజి తప్ప ఏమీ తినలేదు, ఆ గంజి కూడా నిలవలేదు. జుట్టు గుప్పెళ్ళతో వస్తోంది. నేను దువ్వెన దాచబోతే పట్టుకుంది.

"దాస్తే ఆగుతదా? తే ఇటు. కౌంట్ జేద్దాం ఎన్ని పోయినయో."

హాజరు పెద్ద బుద్ధి. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

రోజు 42

సగం దారి. ఐదుగురూ పైకి వెళ్ళి స్కాన్ తీయించుకుని దిగారు. వెళ్ళేటప్పుడు బిళ్ళలు బోర్డుకు తగిలించారు, వచ్చాక వేసుకున్నారు, మామూలే.

డాక్టర్ వసుంధర గారి ముఖం తెర మీద చూడగానే విషయం అర్థమైంది. కొమురమ్మ గడ్డ పెరగలేదు, తగ్గనూ లేదు. మందు పట్టి ఉంచుతోంది, అంతే. సందు రాలేదు. మిగతా వాళ్ళదీ అదే కథ.

"చొక్కాల వల్ల ఉపయోగం కనిపించట్లేదండీ, అనసూర్య గారూ. నాలుగో బావిలో అడుగుతున్నారు, అక్కడికి పంపేద్దాం."

"మేడమ్, మీ చొక్కాలు ఇక్కడ ఒక్కరోజు కూడా పూర్తి బలంతో నడవలేదు. నడవని దాన్ని పనిచేయదని ఎట్లంటరు?"

"ఎందుకు నడవట్లేదో మీకు తెలుసా?"

"తెల్వది. తెలుసుకుంట."

వారం ఇచ్చారు. నేను కోపంగా మాట్లాడానని తర్వాత ఓదెలు అన్నాడు. కోపంగానే మాట్లాడాను.

రోజు 46

ఫ్యాన్ దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. గాలి తగ్గితే అందరూ ఫ్యాన్‌ను విప్పుతారు. నేను గాలి వచ్చే దారి చూస్తాను. పది సార్లలో ఎనిమిది సార్లు ఫ్యాన్ బాగానే ఉంటుంది, దారిలో ఎవరో గోనెసంచి ఆరేసి ఉంటారు.

ముందు ఒక రబ్బరు సంచిలో ఉప్పునీళ్ళు నింపి, దానికి అట్టలు అంటించి చొక్కా తొడిగాను. ఆరు గంటలు నడిపాను. ముప్ఫై ఎనిమిది దాటలేదు. తరంగం నిండు బలంతో నడిచింది. అంటే యంత్రానిది తప్పు కాదు.

తర్వాత చొక్కా నేనే తొడుక్కున్నాను. (ఇది చేయకూడదు, తెలిస్తే డాక్టరమ్మ నన్ను బాగానే తిడతారు. రాసి పెడుతున్నాను.) నాకు జబ్బు లేదు, మందు ఎక్కలేదు, చర్మం చెడలేదు. అయినా ఇరవై నిమిషాల్లో నాలుగో అట్ట నలభై ఒకటి.

ఉప్పునీళ్ళ సంచికి లేనిది, ఐదుగురికీ నాకూ ఉన్నది ఏమిటి? గోడకు ఆనుకుని కూర్చుని ఆలోచిస్తున్నాను. ఆలోచించేటప్పుడు మెడలో తాడు వేలికి చుట్టుకోవడం నాకు అలవాటు. చుట్టుకుంటున్నాను. తాడు చివర రాగి బిళ్ళ గోరువెచ్చగా తగిలింది.

రోజు 1 కింద రాసిన తప్పుకు ఒప్పు ఇక్కడ రాస్తున్నాను. "లోహం లేదు" అన్నది తప్పు. ఒక్కొక్కరి మెడలో రూపాయి బిళ్ళ కంటే పెద్ద రాగి ముక్క ఉంది. నలభై ఆరు రోజులు ప్రతి ఉదయం నా వేళ్ళతోనే దాన్ని పక్కకు జరిపాను, నా వేళ్ళతోనే సర్దాను. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. నేను అజాగ్రత్తగా అడగలేదు. ఇక్కడ పుట్టినవాళ్ళెవరూ బిళ్ళను వస్తువు అనుకోరు. పైవాళ్ళకు కనిపించి ఉండేది, కానీ పైకి పోయేటప్పుడు దాన్ని బోర్డుకు తగిలించి పోతాం. తరంగం గడ్డ దాకా పోకుండా ఆ రాగిలోకి గుమిగూడి అట్టను వేడెక్కించింది. నాలుగో తప్పు ఇది. మూడింటి కంటే పెద్దది.

రోజు 47

ఐదుగురికీ చెప్పాను. నలుగురూ కొమురమ్మ వైపు చూశారు. కొమురమ్మ గుప్పిట బిగించి ఛాతీ మీద పెట్టుకుంది.

"నేను తియ్య."

"పెద్దమ్మా, పన్నెండు గంటలే. ఆ తర్వాత వేసుకుంటవ్."

"పన్నెండు గంటలు లోపలుండి కొక్కేనికి బిళ్ళ పెట్టాల్నా? బోర్డు జూసినోడు నేను పైకి పోయిన్ననుకుంటడు. గప్పుడు సైరన్ మోగితే?"

"చేతికి కట్టుకో."

"పొగల చేతులు తడుముతరా ఎవరన్న? రొమ్ము మీద తడుముతరు. నాకు జెప్తున్నవా? ఆ పాఠం నేను జెప్పిందే."

చేతికి కట్టినా లాభం లేదు. కునుకు పట్టగానే చెయ్యి ఛాతీ మీదికే పోతుంది. సరే, నీ బిళ్ళ నా మెడలో వేసుకుంటానన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకున్నాను. ఆమె ముఖం తెల్లబోయింది, గోడ వైపు తిరిగి పడుకుంది.

ఎందుకో రాయాలి. ఇరవై రెండేళ్ళ కింద నాలుగో లెవెల్‌లోకి నీళ్ళు దూకినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. అప్పట్లో నిద్రొస్తే బిళ్ళను స్నేహితుడి చేతిలో పెట్టి హాజరు వేయించుకునేవాళ్ళు. ఆశ్రయం గది తలుపు దగ్గర కొమురమ్మ బుట్టలో పడ్డ బిళ్ళలు లెక్కపెట్టింది. అరవై నాలుగు కొక్కేలు ఖాళీ, బుట్టలో బిళ్ళలు అరవై నాలుగు. చక్రం తిప్పి ఇనుప తలుపు మూసింది. ఆమె భర్త సాయిలు బిళ్ళ స్నేహితుడి జేబులో వచ్చింది. సాయిలు రాలేదు. చట్టం ఆ తర్వాత పుట్టింది.

రోజు 49

రెండు రోజులుగా చొక్కాలు ఖాళీగా ఉన్నాయి. బిళ్ళ తీయనిదే తొడగనని నేను, తీయనని ఆమె. ఆమె తీయకపోతే మిగతా నలుగురూ తీయరు. వారం గడువులో వారం అయిపోయింది. కారణం దొరికిందని డాక్టరమ్మకు చెప్పి ఇంకో రెండు రోజులు అడుక్కున్నాను.

ఈ ఉదయం సహనం పోయింది. అనకూడని మాట అన్నాను. మాట అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"ఆ రోజు నువ్వు లెక్కవెట్టింది బిళ్ళలనే పెద్దమ్మా. మనుషుల్ని కాదు. అరవై నాలుగు బిళ్ళలొచ్చినయ్, సాయిలు మామ రాలే. బిళ్ళ ఆయన్ను కాపాడలే. ఇప్పుడు అదే బిళ్ళ నిన్ను సంపుతున్నది."

ఓదెలు దగ్గు కూడా ఆపుకున్నాడు. ఆమె చేతిలో చెంబు ఉంది, నా మీద విసురుతుందనుకున్నాను. విసిరినా బాగుండేది.

"పో" అంది. వెళ్ళాను. ఫ్యాన్ హౌస్ వెనక, చప్పుడులో ఎవరికీ వినపడని చోట కూర్చుని ఏడ్చాను. నేను అన్నది నిజమే, అయినా నోరు కోసేసుకోవాలనిపించింది.

రోజు 50

గది తలుపు తీసేసరికి కొమురమ్మ అప్పటికే వచ్చి ఉంది. గోడకు ఐదు మేకులు కొట్టించింది. ప్రస్తుతం హాజరు చూసే గుమాస్తాను పిలిపించి పక్కన నిలబెట్టుకుంది. గుండు మీద తుండు చుట్టుకుని, గోడ పట్టుకుని నిలబడి, మునుపటి గొంతుతో చెప్పింది.

"రాసుకో. ఇది తరంగాల గది బోర్డు. ఈడ బిళ్ళ మేకుకుంటే మనిషి పైకి పోయినట్టు గాదు, ఈ గదిల ఉన్నట్టు. బిళ్ళలు తీసినోళ్ళ పేర్లు పిలవాలె. అర్ధగంటకోసారి. పిలిస్తే నోటితోని పలకాలె. పలికితేనే ఉన్నట్టు. పలకకపోతే పలికేదాంక ఎతకాలె. పిలిచేటోళ్ళు గది ఇడిసి పోవద్దు."

"పిలిచేది ఎవరు?" అన్నాడు గుమాస్తా.

"ఎవరు తియ్యమన్నరో వాళ్ళే" అని నా వైపు చూసింది. "నోరు పెద్దదే గద."

ఆమె మెడలోంచి తాడు తీస్తుంటే తుండుకు చిక్కింది. నేను సాయం చేయబోయాను, వద్దంది. తనే తీసి మొదటి మేకుకు తగిలించింది. బిళ్ళ ఉన్నచోట చర్మం మీద గుండ్రటి ఎర్ర మచ్చ ఉంది. ఆ తర్వాత నలుగురూ తగిలించారు.

నిన్నటి మాటకు క్షమించమని అడిగాను. "క్షమించ" అంది. "కానీ నిజమే అన్నవ్. చొక్కా తొడుగు."

ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా: నాలుగో అట్ట ముప్ఫై ఎనిమిది. తరంగం నిండు బలం. పిలుపులు ఇరవై నాలుగు. కొమురమ్మ, ఓదెలు, ఖాసింబీ, బక్కన్న, సత్తెమ్మ. అందరూ పలికారు. డాక్టరమ్మ చొక్కాలు ఉంచమన్నారు, ఎనభై నాలుగో రోజు దాకా.

రోజు 64

కొత్త పేచీ. ఇవాళ నాలుగో విడత, ఆఖరి మందు. కొమురమ్మ చెయ్యి చాచదు.

"చొక్కా మంచిగ నడుస్తున్నది గద. నొప్పి లేదు, కక్కుడు లేదు. ఆ మందు నాకొద్దు. చొక్కానే చాలు."

ఓదెలు కూడా తలూపుతున్నాడు. ఇద్దరికీ కలిపి వాయించాను.

"తోడుపెళ్ళికూతురు ఒక్కతే పీటల మీద కూసుంటే పెండ్లయితదా? చొక్కా తోడు. మందు లేకుంటే అది ఉత్త చొక్కానే. యాభై రోజులు చొక్కా సగమే నడిచినప్పుడు గడ్డను పెరగనియ్యకుండ పట్టింది ఎవరనుకున్నవ్? ఆ కక్కించే మందే."

"తోడుపెళ్ళికూతురట" అని కొమురమ్మ చాలాకాలానికి నవ్వింది. చెయ్యి చాచింది. సూది గుచ్చాక మూడు రోజులు నన్ను తిడుతూనే ఉంటుందని తెలుసు. తిట్టనీ.

రోజు 71

మధ్యాహ్నం రెండుంబావుకు సైరన్. రెండో లెవెల్‌లో కేబుల్ కాలి పొగ కిందికి దిగింది. ఆశ్రయం గది మాకు నలభై అడుగుల దూరం. బ్యాటరీలు పీకేసి, మేకుల మీది బిళ్ళలు లాగి అందిన మెడలో అందినట్టు వేశాను. తాళ్ళు చిక్కుపడ్డాయి. చివరి తాడు చేతిలోనే మిగిలింది. చుట్టూ పొగ, ఎవరి మెడ ఖాళీయో కనిపించలేదు. అందరినీ ముందుకు తోసి నేను వెనక నడిచాను.

తలుపు దగ్గర గుమాస్తా మా గది మేకుల లెక్క అడిగాడు. "ఐదు" అన్నాను. అతను చేతులు చాపి ఛాతీలు తడిమాడు. నాలుగు బిళ్ళలు మెడల్లో, ఐదోది నా పిడికిట్లో.

"ఐదు సరే, నీది ఆరు. మూస్తున్న" అని చక్రం మీద చెయ్యి వేశాడు.

"ఆగు." కొమురమ్మ అతని చెయ్యి పక్కకు తోసి తనే చక్రం పట్టుకుంది. "పిలువు, అనసూర్యా."

పిలిచాను. కొమురమ్మ, ఉన్న. ఖాసింబీ, ఉన్న. బక్కన్న, ఉన్న. సత్తెమ్మ, ఉన్న. ఓదెలు.

ఓదెలు.

అప్పుడు గుర్తొచ్చింది, రెండు గంటల పిలుపయ్యాక బ్యాటరీ చంకలో పెట్టుకుని మరుగుదొడ్డికి వెళ్ళాడు. పొగ చిక్కబడుతోంది, లోపలివాళ్ళు తలుపు వేయమని అరుస్తున్నారు. కొమురమ్మ చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఆమె ఒంట్లో ఆ మాత్రం బలం ఎక్కడిదో తెలియదు. "పలికేదాంక మూసేది లేదు. ఎవనికి భయమైతే వాడు లోపటికి పోయి కూసోండ్రి." తడి తుండు ముఖానికి కట్టుకుని నేను వెనక్కి పరిగెత్తాను, పిలుస్తూ. మరుగుదొడ్డి గొళ్ళెం బిగుసుకుపోయింది. లోపల తలుపు బాదుతున్నాడు. తన్ని తెరిచాను. "ఉన్న, ఉన్న, ఉన్న" అంటూనే నాతో ఉరికాడు, తలుపు దాటేదాకా ఆ మాట ఆపలేదు.

అప్పుడు కొమురమ్మ చక్రం తిప్పింది. తిప్పి, అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. ఇరవై రెండేళ్ళలో ఆమె ఏడవడం ఎవరూ చూడలేదు. ఎవరూ ఊరుకోమనలేదు. ఓదెలు ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె మాటిమాటికీ అతని భుజం తట్టి చూసుకుంది.

రోజు 84

స్కాన్. డాక్టర్ వసుంధర గారు తెర మీద రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టారు. నాలాంటి దానికీ తెలిసింది. గడ్డకూ రక్తనాళానికీ మధ్య సన్నటి నల్లటి గీత.

"సందు వచ్చిందండీ. సర్జన్ గారు ఒప్పుకున్నారు."

చొక్కా వల్లనేనా అని అడిగాను. ఆవిడ నిజాయితీగా చెప్పారు, ఆ నిజాయితీకే ఆవిడంటే నాకు గౌరవం. "ఐదుగురిని చూసి చెప్పలేం. ఆఖరి మందు పనిచేసి ఉండొచ్చు, రెండూ కలిసి ఉండొచ్చు. కలిసే అని నా నమ్మకం, రుజువు మాత్రం కాదు. మీ పుస్తకం నకలు నాకు పంపండి, అన్ని బావుల లెక్కలతో కలిపి చూస్తాం." ఓదెలుకూ ఖాసింబీకీ తగ్గింది. బక్కన్నకు అంతే ఉంది. సత్తెమ్మకు పెరిగింది, మందు మారుస్తారు. ఆమెకు ఈ సంగతి నేనే చెప్పాను. "మంచిది, నేనైతే చొక్కా ఇడువ" అంది. విడవొద్దనే అన్నాను.

రోజు 97

కొమురమ్మకు ఆపరేషన్. మొదటి ట్రిప్పులో పైకి వచ్చాం. లిఫ్ట్ దగ్గర నూట పదిహేడో బిళ్ళ బోర్డుకు తగిలించి ఆగింది.

"కొక్కేనికి పెట్టిన. పైన గూడ పిలుస్తవా?"

"పైన చట్టం లేదు గదా పెద్దమ్మా."

"పిలుస్తవా లేదా?"

పిలుస్తానన్నాను. ఆపరేషన్ గది తలుపు బయట బెంచీ మీద ఈ పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. మూడు గంటలు పడుతుందన్నారు. నేను అరుస్తుంటే నర్సు రెండుసార్లు వచ్చి తిట్టింది, మూడోసారి కుర్చీ వేసుకుని పక్కన కూర్చుంది.

తొమ్మిదింటికి పిలిచాను. పలకలేదు.

తొమ్మిదిన్నరకు పిలిచాను. పలకలేదు.

పది. పదిన్నర. పదకొండు. పదకొండున్నర. పలకలేదు. మత్తులో ఉన్న మనిషి పలకదని నాకు తెలుసు. తెలిసినా ప్రతిసారీ పిలిచాక పలుకు కోసం కాస్త ఆగాను.

పన్నెండుకు పిలిచేసరికి మూడు గంటలైంది. తలుపు తెరుచుకోలేదు. పన్నెండున్నరకు పిలిచేటప్పుడు గొంతు పోయింది. నర్సు మంచినీళ్ళిచ్చింది, ఒంటిగంటకు నాతో పాటు ఆవిడా పిలిచింది.

ఒంటిగంటా పది నిమిషాలకు సర్జన్ బయటికి వచ్చారు. గడ్డ మొత్తం తీశామన్నారు, మెలకువ వచ్చాక చూడాలన్నారు. పక్క గదికి మార్చారు. తలుపు దాకానే రానిచ్చారు నన్ను.

ఒంటిగంటన్నరకు పిలిచాను. పలకలేదు.

రెండింటికి పిలిచాను. పలకలేదు.

రెండున్నరకు, మిగిలిన గొంతంతా పెట్టి పిలిచాను. తెర వెనక ఏదో కదిలింది. నర్సు చెయ్యెత్తి నన్ను ఆగమంది.

"ఉన్న గదనే" అంది లోపలి నుంచి ఎండిపోయిన గొంతు. "ఎందుకట్ల ఒర్రుతవు?"

హాజరు వేశాను.